బట్టీ పట్టని లెక్క

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. పింగాణీ ఫ్యాక్టరీలో ఆ పేరు హాజరు పట్టీ రాసే గుమాస్తాకు తప్ప మరెవరికీ గుర్తు లేదు. అందరికీ ఆమె గీతమ్మ. గీతలు చదువుతుంది కాబట్టి గీతమ్మ. ఒకసారి కొత్తగా చేరిన అకౌంట్సు అమ్మాయి ఆమె నిజం పేరుతో పిలిస్తే, గీతమ్మే వెనక్కి తిరిగి "ఎవరినమ్మా?" అని అడిగిందట.

ఇరవై నాలుగో ఏట ఆ ఫ్యాక్టరీలో చేరింది. మొదటి పని కప్పులకు చెవులు అతికించడం. పచ్చి మట్టి కప్పు ఎడమచేత్తో పట్టుకుని, మెత్తటి చెవిని కుడిచేత్తో కాస్త మెలిపెట్టి, తడి బ్రష్షుతో అతుకు సర్ది పక్కన పెట్టాలి. రోజుకు ఆరు వందలు. "ఏ పంతులుగారూ ఒక్క రోజులో అన్ని చెవులు మెలిపెట్టి ఉండరు" అని ఇంటికొచ్చి మొగుడితో చెప్పి నవ్వేది. పదేళ్ళు అలా గడిచాక తడి మట్టికి వేళ్ళు పగుళ్ళు తేలి, చీపురు పుల్ల పట్టుకున్నా మండేవి. మేనేజరు చూసి ఆమెను బట్టీ గదికి మార్చాడు. అక్కడ పొడి పని. కప్పులను అరల్లో పేర్చడం, ఊడవడం, పెన్ను పెట్టెలో కాగితం మార్చడం.

పెన్ను పెట్టె అంటే బట్టీ పక్కన గోడకు బిగించిన అద్దం తలుపు యంత్రం. చూడ్డానికి పాతకాలపు గోడ గడియారంలా ఉంటుంది. లోపల ఒక కాగితం చుట్ట, దాని మీద ఆనుకుని ఎర్ర సిరా పెన్ను. కాగితం గంటకు రెండు అంగుళాల చొప్పున నెమ్మదిగా జరుగుతూ, అవతలి కడ్డీకి చుట్టుకుంటూ పోతుంది. బట్టీ వేడెక్కితే పెన్ను ఒకవైపు జరుగుతుంది, చల్లారితే రెండోవైపు వస్తుంది. సాయంత్రం ఆరింటికి బట్టీ ముట్టిస్తే ఎల్లుండి పొద్దున ఎనిమిదింటికి తలుపు తీస్తారు. అప్పుడు కాగితం కత్తిరించి, బల్ల మీద అడ్డంగా పరిస్తే ఎడమ నుంచి కుడికి గంటలు, కింది నుంచి పైకి డిగ్రీలు. మధ్యలో ఒక ఎర్ర గీత కొండలా ఎక్కి, పైన కాసేపు చదునుగా నడిచి, అవతలి పక్క మెల్లగా దిగుతుంది.

ఆ కాగితాన్ని బట్టీ మేస్త్రీ కన్నెత్తి చూసేవాడు కాదు. ఆయన అప్పటికే ముప్ఫై ఏళ్ళుగా బట్టీ దగ్గరే బతికినవాడు. తలుపులో కన్నుపెట్టి చూసే చిన్న రంధ్రం ఉంది. అందులోంచి నిప్పు రంగు చూసి వేడి చెప్పేవాడు.

"నిప్పును చూసి పని నేర్చుకోవే అమ్మాయ్. కాగితం మేనేజరు గారి బీరువా కోసం" అనేవాడు.

"అలాగే బాబాయ్" అనేది గీతమ్మ. అని, కాగితం కూడా చూసేది.

రెండేళ్ళు నిండిన చుట్టలను బీరువాలోంచి తీసి చెత్తలో వేసేవారు. ఆమె వాటిని ఇంటికి తెచ్చి అలమరల్లో పరిచేది. ఉప్పు డబ్బా తీసినప్పుడల్లా కింద ఒక ఎర్ర కొండ కనబడేది. చూడగా చూడగా అన్ని కొండలూ ఒక్కలా లేవని తెలిసింది. ఒకదానికి ఎక్కే దారిలో చిన్న గొయ్యి ఉంది. ఇంకొకదానికి దిగే దారిలో మెట్టు ఉంది. ఫ్యాక్టరీకి వెళ్ళి ఆ తారీఖున ఏం జరిగిందో వాళ్ళనీ వీళ్ళనీ అడిగేది. గొయ్యి అంటే గ్యాసు తగ్గింది. మెట్టు అంటే ఎవరో గాలి కన్నం ముందే తెరిచి, భయపడి మళ్ళీ మూశారు.

కొన్నాళ్ళకు ఎవరినీ అడిగే పని లేకుండా పోయింది. ఒక సోమవారం డ్యూటీకి వచ్చి, కాగితం చూసి, మేస్త్రీతో మామూలుగా అంది.

"నిన్న తెల్లారి నాలుగింటికి గ్యాసు సిలిండరు మార్చారా బాబాయ్? పావుగంట పట్టినట్టుందే."

మేస్త్రీ ఉలిక్కిపడ్డాడు. "నీకెవరు చెప్పారు? నువ్వు ఇంట్లో ఉన్నావుగా?"

"గీత చెప్పింది."

ఆ పూట నుంచి ఆమె గీతమ్మ.

ఇలా ఎనిమిదేళ్ళు గడిచాక ఫ్యాక్టరీలో ఒక కబురు పుట్టింది. మేస్త్రీ ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. ఆయన చోట బట్టీ ఆపరేటరుగా వేసుకునేవాళ్ళకు పదో తరగతి పాసైన కాగితం ఉండాలి. మేనేజరు గీతమ్మను పిలిచి చెప్పాడు.

"నాకు నువ్వే కావాలమ్మా. కానీ రూలు రూలే. పది చదివావా?"

"తొమ్మిది సార్. ఒక్క ఏడాదే తక్కువ."

"ఆ ఒక్కటీ పూర్తి చెయ్యి."

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. ఆయన దర్జీ. ఇంటి ముందు గదే కొట్టు. ఆ పూట ఎవరిదో చొక్కాకు కాలరు కుడుతున్నాడు.

"చదువు. నలభై రెండేళ్ళకు పది చదవకూడదని ఎక్కడా రాసిలేదు" అన్నాడు మిషను ఆపకుండా.

"మిగతావి చదివేస్తానండీ. లెక్కలే నా ప్రాణానికి."

"మా అక్క ఉందిగా!"

ఆ మాటే రాకూడదని గీతమ్మ అనుకుంటోంది. ఆడపడుచు ఉన్న సంగతి ఆమెకు తెలియక కాదు. రెండు వీధుల అవతల ఉన్న హైస్కూల్లో ఆవిడ లెక్కల టీచరు. ముక్కు మీద కోపం, చేతిలో సుద్దముక్క, రెండూ ఎప్పుడూ ఉంటాయి. పెళ్ళైన కొత్తలో గీతమ్మ కూరగాయల సంచీ లెక్క తప్పు చెబితే, ఆవిడ వంటగది గోడ మీదే కూడిక వేసి చూపించింది. ఆ గోడకు సున్నం వేయించేదాకా గీతమ్మకు అటు చూడబుద్ధి కాలేదు.

అయినా ఆదివారం మధ్యాహ్నం చదువు మొదలైంది. కొట్లో గుడ్డలు కత్తిరించే పొడుగాటి బల్లే నల్లబల్ల. దర్జీ సుద్దలు ఉండనే ఉన్నాయి. కూడికలూ భిన్నాలూ శాతాలూ ఎలాగో గట్టెక్కాయి. మూడో నెలలో వదినగారు బల్ల మీద ఒక అడ్డగీత, ఒక నిలువుగీత గీసి, మధ్యలో ఒక వంకర గీత గీసింది.

"మరదలా, ఇవాళ ప్రమేయం."

"నా ప్రమేయం ఏముంది వదినా ఇందులో?"

"వేళాకోళమా?"

"కాదు వదినా, నిజంగానే. పెళ్ళిలో గొడవైతే అందరూ అనే మాటే కదా, నా ప్రమేయం ఏమీ లేదని."

మిషను దగ్గర్నుంచి కిసుక్కున నవ్వు వినబడింది. వదినగారు అటు ఒక చూపు చూసేసరికి మిషను గబగబా కుట్టసాగింది.

"లెక్కల్లో ప్రమేయం వేరు. ఒక సంఖ్య ఇస్తే ఒక్క విలువ వస్తుంది. ఇదిగో, ఎఫ్ ఆఫ్ ఎక్స్. ఎక్స్ రెండైతే ఎఫ్ ఆఫ్ రెండు ఎంత? గ్రాఫు చూసి చెప్పు."

గీతమ్మ గ్రాఫు వంక చూసింది. ఎఫ్ పక్కన బ్రాకెట్టు, బ్రాకెట్టులో ఎక్స్. ఎఫ్‌ను ఎక్స్‌తో గుణించాలా? గుణిస్తే ఏమొస్తుంది?

"సరే, ఇది వదిలెయ్. దీని ప్రదేశం చెప్పు."

"ప్రదేశం అంటే ఊరు కదా వదినా?"

"ఎక్స్ తీసుకోగల విలువలన్నీ కలిపితే ప్రదేశం. వచ్చే విలువలన్నీ కలిపితే వ్యాప్తి. పదిసార్లు చెప్పుకో."

పదిసార్లు చెప్పుకుంది. పదకొండోసారి రెండూ తారుమారయ్యాయి. వదినగారు సుద్ద బల్ల మీద కొట్టింది. అది మూడు ముక్కలైంది.

"అదేమిటే! బట్టీ పట్టడం కూడా రాదా నీకు?"

ఆ మాట గీతమ్మకు ఎక్కడో తగిలింది. "బట్టీ దగ్గర ఎనిమిదేళ్ళుగా ఉన్నదాన్ని. నన్ను పట్టుకుని బట్టీ రాదంటారా?" అని విసురుగా లేచి లోపలికి వెళ్ళింది. అలమరలోంచి ఒక కాగితం లాక్కొచ్చింది. పైనున్న డబ్బాలు పక్కకు ఒరిగి దొర్లిన చప్పుడు ముందుగదిలోకి వినబడింది. ఆ కాగితాన్ని బల్ల మీద పొడవునా పరిచింది. ఒక కొస బల్ల మీంచి వేలాడింది.

"మీ గీతలు నాకు రావు వదినా. నా గీత మీకొచ్చా?"

వదినగారు కళ్ళజోడు సర్దుకుంది. కోపం కాస్తా ఎటో పోయింది. కాగితం మీదకు వంగి, కొస నుంచి కొసకు చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా, దారి తెలియని మనిషి అడిగినట్టు అడిగింది.

"బట్టీ ముట్టించిన మూడు గంటలకు వేడి ఎంతుంది?"

గీతమ్మ మూడో గంట గీత మీద వేలు పెట్టి, పైకి పోనిచ్చి, ఎర్ర గీత తగలగానే పక్కకు తిప్పింది. "మూడు వందల ముప్ఫై."

"పన్నెండు గంటలకు?"

"పన్నెండు వందలు. అక్కడ గంటసేపు అలాగే నిలబెడతాం. అప్పుడే కప్పుకు మెరుపు వస్తుంది."

"ఆరు వందల డిగ్రీలు ఎప్పుడుంది?"

"ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? ఎక్కేటప్పుడు ఆరో గంటకు, దిగేటప్పుడు పంతొమ్మిదో గంటకు. రెండుసార్లు వస్తుంది వదినా."

"ఒకే వేడి రెండుసార్లు రావచ్చా?"

"ఎందుకు రాకూడదు? కొండెక్కి దిగితే ఒకే ఎత్తు రెండుసార్లు దాటమా?"

"మరి ఒకే క్షణంలో రెండు వేడులు?"

గీతమ్మ ఆవిడ వంక జాలిగా చూసింది. "అదెలా కుదురుతుంది? బట్టీ ఒక్కటేగా."

వదినగారు కుర్చీలో కూలబడింది. "మూడు నెలలుగా నా ప్రాణం తోడేశావు కదే! ఇప్పుడు నువ్వు చెప్పిందే ప్రమేయం. గంట ఎక్స్. వేడి ఎఫ్ ఆఫ్ ఎక్స్. ఎఫ్ ఆఫ్ మూడు అంటే మూడో గంటకు వేడి. అంతే. గుణించడాలూ లేవు, ఏమీ లేదు."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"చెప్తున్నాను కదా, ఇప్పుడు. సరే, ఈ గీత ఏ గంట నుంచి ఏ గంట దాకా ఉంది?"

"సున్నా నుంచి ముప్ఫై ఎనిమిది."

"అదీ ప్రదేశం. వేడి ఎంత నుంచి ఎంత దాకా?"

"గది వేడి ముప్ఫై నుంచి పన్నెండు వందలు."

"అదీ వ్యాప్తి. నువ్వు చివర తలుపు తీసినప్పుడు తొంభై ఉంది, చూశావా? మా పిల్లల్లో సగం మంది మొదటి విలువా చివరి విలువా చూసి, ముప్ఫై నుంచి తొంభై అని రాసేస్తారు."

"అయ్యో, మరి పన్నెండు వందల దాకా ఎక్కిన బట్టీ ఎటు పోయినట్టు?"

ఆ సాయంత్రం దీపాలు పెట్టేదాకా బల్ల ఖాళీ కాలేదు. చొక్కా తీసుకోవడానికి వచ్చిన ఇద్దరిని దర్జీ గుమ్మంలోంచే రేపు రమ్మని పంపేశాడు. గీతమ్మ ఇంకో కాగితం తెచ్చింది. అందులో ఇరవై రెండో గంట నుంచి ఇరవై నాలుగో గంట దాకా గీతే లేదు.

"ఇక్కడేమైంది?"

"పెన్నులో సిరా అయిపోయింది. బట్టీ ఉంది, వేడి ఉంది, గీత లేదు. ఆ రెండు గంటల సంగతి నన్నడిగితే నేనేం చెప్పను?"

"చెప్పకూడదు కూడా. ఆ ముక్క ఈ గ్రాఫు ప్రదేశంలో లేదు."

"ప్రదేశంలో లేకపోయినా వ్యాప్తి మాత్రం మారదు కదా వదినా? దిగేటప్పుడు సిరా లేక పోయిన వేడులన్నీ ఎక్కేటప్పుడు దాటి వచ్చినవేగా."

వదినగారు ఇరవై రెండో గంట దగ్గర వేలు పెట్టి, ఎక్కే వైపుకు జరిపి సరిచూసుకుంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆ మాట తనంతట తానుగా చెప్పిన విద్యార్థి ఎవరూ ఆవిడకు గుర్తు రాలేదు. చివరికి ఒక సుద్దముక్క తీసి బల్ల మీద ఒక గుండ్రటి సున్నా గీసింది.

"ఇది ప్రమేయమేనా?"

గీతమ్మ దాని మీద వేలు నిలువుగా పోనిచ్చింది. పైన ఒకచోట తగిలింది, కింద ఇంకోచోట తగిలింది.

"కాదు. ఒక్క క్షణానికే రెండు వేడులు చెబుతోంది. ఇది అబద్ధాల గీత."

తర్వాతి నెలల్లో గీతమ్మ వంటగదిలో, బస్సులో, కప్పులు పేరుస్తూ కూడా లెక్కలు చేసింది. త్రికోణమితి మాత్రం చివరిదాకా కొరుకుడు పడలేదు. పరీక్షలు వచ్చాయి. లెక్కల పరీక్ష కోసం రెండు రోజులు సెలవు పెట్టింది. హాలు గుమ్మం దగ్గర కాపలా ఆయన ఆపేశాడు.

"పిల్లల్ని లోపలికి పంపి మీరు బయట ఉండాలమ్మా."

"నేనే పిల్లనండీ" అని హాల్ టికెట్ చూపించింది.

ఆయన ఫొటో చూసి, మనిషిని చూసి, గబగబా పక్కకు జరిగాడు. లోపల మూడు గంటలు కూర్చుని వచ్చింది. గ్రాఫు లెక్కలు బాగా రాశానని మొగుడితో చెప్పింది. త్రికోణమితి గురించి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు డ్యూటీకి వెళ్ళేసరికి బట్టీ గదిలో గొంతులు పెద్దగా వినబడుతున్నాయి. అప్పుడే తీసిన బట్టీ ముందు నాలుగు వేల తెల్ల కప్పులు బండ్ల మీద బారులు తీరి ఉన్నాయి. అవి ఒక పెద్ద హోటలువాళ్ళు చెప్పి చేయించుకున్న సరుకు. వాళ్ళ తరఫున తనిఖీకి వచ్చిన మేడమ్ బల్ల మీద కాగితం పరిచి చూస్తోంది. మేనేజరు మొహం కప్పుల కన్నా తెల్లగా ఉంది. మేస్త్రీ గోడ పక్కన తల దించుకుని నిలబడ్డాడు. మొన్న రాత్రి డ్యూటీ ఆయనదే.

"ఒక్క ఊపున మూడు వందల డిగ్రీలు!" మేనేజరు అరుస్తున్నాడు. "గ్యాసు మొత్తం తెరిచేసి నిద్రపోయావా?"

"నలభై ఏళ్ళలో బట్టీ ముందు కునుకు తీయలేదు సార్" అన్నాడు మేస్త్రీ.

"మరి ఇదేంటి?"

మేడమ్ కాగితం మీద పెన్సిలు పెట్టింది. "ఇలా ఒక్కసారిగా వేడి తగిలితే కప్పుల్లో కంటికి కనిపించని పగుళ్ళు వస్తాయి. నేను ఈ సరుకు తీసుకోలేను."

గీతమ్మ సంచీ భుజానే ఉంచుకుని బల్ల దగ్గరికి వచ్చింది. ఎర్ర గీత మామూలుగా ఎక్కుతూ ఎక్కుతూ, ఐదో గంట దగ్గర ఐదు వందల నుంచి ఎనిమిది వందల దాకా నిట్టనిలువుగా లేచింది. గోడలా ఉంది. ఆ పైన మళ్ళీ మామూలుగా వాలుగా ఎక్కింది.

"మేడమ్, ఒక్కమాట" అంది.

మేనేజరు చెయ్యి అడ్డం పెట్టబోయాడు. మేడమ్ "చెప్పనివ్వండి" అంది.

"ఈ నిలువు గీత దగ్గర టైమెంతండీ?"

"ఐదో గంట. అంటే రాత్రి పదకొండు."

"పదకొండింటికి బట్టీ వేడి ఎంత?"

"ఐదు వందలు." మేడమ్ పెన్సిలు కొంచెం పైకి జరిపి ఆగింది. "ఎనిమిది వందలు కూడా."

"ఆరు వందలూ ఉంది, ఏడు వందలూ ఉంది. ఒక్క పదకొండు గంటలకు ఇన్ని వేడులు ఎలా వస్తాయి మేడమ్?"

"చాలా వేగంగా ఎక్కితే అలా కనిపించవచ్చు."

"ఎంత వేగంగా ఎక్కినా కాస్తయినా వాలాలండీ. అరగంటలో ఎక్కినా కాగితం అంగుళం జరుగుతుంది. ఇక్కడ వెంట్రుక వాసి కూడా జరగలేదు. బట్టీ పరిగెత్తలేదు మేడమ్. కాగితం ఆగిపోయింది."

గీతమ్మ సంచీలో చెయ్యిపెట్టి వెతికింది. దర్జీ పెళ్ళాం సంచీలో ఏం లేకపోయినా టేపు ఉంటుంది. దాన్ని విప్పింది.

"మొన్న సాయంత్రం ఆరింటికి ముట్టించారు. ఇవాళ పొద్దున ఎనిమిదింటికి తీశారు. ముప్ఫై ఎనిమిది గంటలు. గంటకు రెండు అంగుళాల లెక్కన కాగితం డెబ్బై ఆరు అంగుళాలు ఉండాలి. ఆ కొస పట్టుకోండి సార్."

మేనేజరు కొస పట్టుకున్నాడు. కొలిచారు. డెబ్బై. ఇంకోసారి కొలిచారు. డెబ్బయ్యే.

"ఆరు అంగుళాలు తక్కువ. అంటే మూడు గంటలు. మా బట్టీ గంటకు వంద డిగ్రీలు ఎక్కుతుంది. ఈ గోడ ఎత్తు మూడు వందలు. అటు నుంచి చూసినా మూడు గంటలే."

మేడమ్ కాగితం అంచు పైకెత్తి చూసింది. కాగితాన్ని లాగే పళ్ళ చక్రం కోసం అంచు పొడవునా చిన్న చిన్న చిల్లులు ఉంటాయి. సరిగ్గా ఆ నిలువు గీత దగ్గర చిల్లులన్నీ కలిసిపోయి చిరిగి ఉన్నాయి. పళ్ళు అక్కడ పట్టు తప్పి ఉత్తినే తిరిగి, మళ్ళీ మంచి చిల్లు దొరికాకే కాగితాన్ని లాగాయి.

"నిజమే, ఆగింది" అంది మేడమ్. అంతటితో వదల్లేదు. ఆవిడా పని తెలిసిన మనిషే. "కానీ ఆ మూడు గంటల్లో బట్టీ సమంగానే ఎక్కిందని నువ్వెలా చెప్పగలవు? రెండు గంటలు ఊరుకుని, మూడో గంటలో ఒక్కసారిగా ఎక్కి ఉండొచ్చుగా?"

అవునని ఒప్పేసుకుంటే ఇబ్బంది. కాదంటే అబద్ధం. గీతమ్మ తడుముకోలేదు.

"చెప్పలేను మేడమ్. గీత లేని చోట నేను చదవలేను. ఆ మూడు గంటలూ బట్టీ ముందు ఉన్నది మేస్త్రీ బాబాయ్. ఆయన్ని అడగండి."

అందరూ గోడ వైపు తిరిగారు. మేస్త్రీ తల ఎత్తాడు.

"పదకొండింటికి రంధ్రంలో చీకటే తల్లీ. పన్నెండు కొట్టాక మొదటి ఎరుపు కనబడింది, ఆరిపోబోయే బొగ్గులా. ఒంటిగంటకు ముదిరింది. రెండింటికి దానిమ్మ గింజ రంగు వచ్చింది. గంట గంటకూ చూశాను. రోజూ చూసే రంగులే, రోజూ వచ్చే వేళకే వచ్చాయి."

మేడమ్ తన ఫైల్లోంచి ఒక పట్టిక తీసి చూసుకుంది. ఆరు వందలకు మొదటి ఎరుపు అని అందులోనూ ఉంది. కాసేపు ఆలోచించి, చొక్కా చేతులు పైకి మడిచింది. "సరే. మిగతాది కప్పుల్నే అడుగుదాం."

బండ్ల మీంచి తనకు నచ్చిన చోట్ల నుంచి నలభై కప్పులు ఏరింది. ఒక్కొక్కదాన్నీ పెన్సిలుతో మీటింది. నలభయ్యీ ఖణేల్‌మన్నాయి. తర్వాత మరిగే నీళ్ళలో ముంచి, వెంటనే చల్లటి నీళ్ళలో ముంచి, లోపలా బయటా నీలం సిరా పూసి తుడిచింది. పగులుంటే సిరా అందులో దిగి గీతలా కనబడుతుంది. ఒక్క కప్పులోనూ కనబడలేదు. మేడమ్ కాగితం మీద సంతకం పెట్టి, పోతూ పోతూ గీతమ్మను అడిగింది.

"ఏం చదువుకున్నావమ్మా?"

"నిన్ననే పదో తరగతి పరీక్ష రాశానండీ" అంది గీతమ్మ. మేడమ్ అది హాస్యమనుకుని నవ్వింది.

మధ్యాహ్నం టీ వేళకు మేనేజరు మేస్త్రీ దగ్గరికి వచ్చి, నలుగురి ముందూ అరిచాను కాబట్టి నలుగురి ముందే తప్పయిందని చెప్పాడు. మేస్త్రీ "పోనీలెండి సార్" అన్నాడు. తర్వాత తన టీ గ్లాసు పట్టుకుని గీతమ్మ పక్కన చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది.

"అమ్మాయ్, ఆ కాగితం చదవడం నాకూ చెప్పవే."

"రిటైరయ్యే ముందు ఎందుకు బాబాయ్?"

"నలభై ఏళ్ళు నా పక్కనే కూర్చుని ఆ పెట్టె నా గురించి ఏం రాసిందో తెలుసుకోవద్దూ?"

ఫలితాలు వచ్చిన రోజు వదినగారు స్కూల్లో చూసుకుని, సాయంత్రం నేరుగా కొట్టుకు వచ్చింది. లెక్కల్లో యాభై ఎనిమిది.

"యాభై ఎనిమిదేమిటే! నా మరదలివై ఉండి!"

"పాసయ్యాను కదా వదినా."

"గ్రాఫుల్లో ఒక్క మార్కు పోలేదు. త్రికోణమితిలో ఒక్క మార్కు రాలేదు. ఇంత నిక్కచ్చిగా ఎలా కుదిరిందే నీకు?" అని కసిరి, ఆ వెంటనే మరదలి తల నిమిరింది. దర్జీ మిషను ఆపేసి, వీధిలోవాళ్ళందరికీ టీ చెప్పి వచ్చాడు. ఎందుకని అడిగినవాళ్ళకు "మా ఇంట్లో పిల్ల పది పాసైంది" అన్నాడు. మూడు నెలల తర్వాత మేస్త్రీ రిటైరయ్యాడు. గీతమ్మ బట్టీ ఆపరేటరు అయింది. ఇప్పుడు వేడి ఎక్కించేటప్పుడు ఒక కన్ను రంధ్రం మీద, ఒక కన్ను పెన్ను మీద పెడుతుంది. కొత్తగా చేరినవాళ్ళకు రెండూ నేర్పుతుంది.

ఆ మరుసటి ఏడాది వదినగారు తన తొమ్మిదో తరగతికి ఒకరోజు రమ్మని పిలిచింది. గీతమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, ఆరు పాత చుట్టలు చంకన పెట్టుకుని వెళ్ళింది. వాటిని వరసగా క్లాసు గోడలకు అంటించారు. పిల్లలు గోడల వెంట నడుస్తూ, వేలితో గీత పట్టుకుని, ఏ గంటకు ఎంత వేడో అరుచుకుంటూ చెప్పారు. సిరా అయిపోయిన చోట ఒకమ్మాయి వేలు గాల్లో నిలిపి "ఇక్కడ ఏమీ లేదు టీచర్" అంది. వదినగారు మరదలి వైపు చూసి కనుబొమలు ఎగరేసింది.

ఆ తర్వాత గీతమ్మ వాళ్ళకో పని చెప్పింది. ఎవరికి వాళ్ళు తమ రోజుకు ఒక గీత గీయాలి. అడ్డంగా గంటలు. నిలువుగా ఏదైనా సరే, ఆకలో, కోపమో, సంతోషమో, సున్నా నుంచి నూరు దాకా. పావుగంటలో కాగితాలు వచ్చాయి. గీతమ్మ ఒకటి తీసి పట్టుకుని, బట్టీ గదిలో చదివినట్టే గట్టిగా చదివింది.

"ఇది నిద్ర గీత. ప్రదేశం పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా. బాగుంది. తొమ్మిదింటికి ఇరవై. పదింటికి ముప్ఫై. అక్కణ్ణుంచి బాగా ఎక్కింది, పదకొండింటికి తొంభై ఐదు! దీని వ్యాప్తికి పై కొస ఇదే. పదకొండింటికి మీకు ఏం క్లాసు?"

నలభై మంది పిల్లలూ నేల చూపులు చూస్తున్నారు. గీతమ్మకు అర్థమయ్యేసరికి కాస్త ఆలస్యమైంది. పదకొండింటికి లెక్కల క్లాసు. గోడ గడియారంలో అప్పుడు పదకొండున్నర.

వదినగారు వచ్చి ఆమె చేతిలోంచి కాగితం తీసుకుంది. కళ్ళజోడు సర్దుకుని చూసింది. ముందుగా ఆవిడ పెదవి వణికింది, తర్వాత భుజాలు కదిలాయి. లెక్కల టీచరు అంతలా నవ్వడం ఆ పిల్లలు అదే మొదటిసారి చూడడం.

"పన్నెండింటికి ఒక్కసారిగా సున్నాకు పడిందేమిటి?" అని అడిగింది కళ్ళు తుడుచుకుంటూ.

వెనక బెంచీలోంచి ఒక సన్నటి గొంతు వినిపించింది.

"అన్నం బెల్లు కొడతారు టీచర్."